నేల తెలియని కాళ్ళతో నిలబడ్డ అన్న

"మీ అన్న పోయినాడబ్బా. పడలా."

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, పొయ్యి మీద పాలు ఇంకా కాగకముందే, పక్కింటినుంచి వదిన పిలిచి చెప్పిన మాటలు ఈ రెండే. చావు కబురు చెప్పేవాళ్ళు మనిషి ఎట్లా పోయాడో చెబుతారు. వదిన ఎట్లా పోలేదో చెప్పింది. బయటివాళ్ళకు ఇది వింతగా ఉండొచ్చు. అన్న ఈ చివరి కొన్నేళ్ళూ దేనికోసం పాటుపడ్డాడో నాకు తెలుసు గనక, రెండో మాట వినగానే అమ్మయ్య అనుకున్నాను. చావు కబురు విని అమ్మయ్య అనుకున్నవాణ్ణి ఈ పట్నంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఏడుపు తర్వాత వచ్చింది, పాలు పొంగిపోయాక.

నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడట. మేము పోయేసరికి మంచం మీద వెల్లకిలా, మేకప్ అవసరం లేని మొహంతో పడుకుని ఉన్నాడు.

అన్న అంటే నాకు తోడబుట్టినవాడు కాదు. మద్రాసు కోడంబాక్కంలో మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒకటే గోడ. అటు మేకు కొడితే ఇటు సున్నం రాలేది. వాళ్ళ పెద్దలు నెల్లూరి వైపునుంచీ, మా పెద్దలు పుత్తూరు వైపునుంచీ కూలి వెతుక్కుంటూ ఈ ఊరొచ్చారు. ఆయన ఆదివారం చర్చికి పోయేవాడు, నేను శనివారం నామం పెట్టుకునేవాణ్ణి. మా వరసలో కులాలు వేరు, దేవుళ్ళు వేరు, షుగరు మాత్రం అందరికీ ఒకటే. ఎవరింటికి పోయినా కాఫీలో చక్కెర వేయకుండానే ఇస్తారు. కావాల్సినవాడు నోరు తెరిచి అడగాలి, అడిగినందుకు కాస్త సిగ్గు కూడా పడాలి.

ఇద్దరం స్టూడియోల్లోనే బతికాం. నేను ప్రాంప్టరును. ఇప్పటి పిల్లలకు ఆ ఉద్యోగం ఏమిటో తెలియదు గనక కాస్త పక్కదారి పడతాను. తెలుగు రాని హీరోయిన్ కెమెరా ముందు కన్నీళ్ళు పెట్టుకుంటుంటే, కెమెరా పక్కన గొంతుక్కూర్చుని ఆమెకు మాటలు అందించేవాణ్ణి. ఆమె ఏడుపు, నా తెలుగు. నేను బడిలో చదివింది తక్కువ. మిగతా చదువంతా ఆ డైలాగు కాగితాలే చెప్పాయి. అందుకని ఈ రాతలో ఎక్కడైనా గొంతు ఎక్కువ బొంగురుపోయినట్టు అనిపిస్తే నన్ను కాక ఆ కాగితాలను తిట్టుకోండి.

అన్న లైట్‌మ్యాన్. సెట్టుకు పైన, స్టూడియో కప్పు కింద, తాళ్ళతో వేలాడదీసిన చెక్కల మీద నిలబడి పెద్దపెద్ద లైట్లు తిప్పేవాడు. కింద మా అందరికీ ఆయన మొహం కంటే అరికాళ్ళే ఎక్కువ పరిచయం. చెప్పులు వేసుకునేవాడు కాదు. వేసుకుంటే చెక్క ఎక్కడ ముగుస్తాదో కాలికి తెలవదు అనేవాడు. పైకెక్కాక షాటు అయ్యేదాకా, ఎంతసేపైనా సరే, కూర్చునేవాడు కాదు. "లైటు పట్టుకున్నోడు కూచోకూడదబ్బా" అని ఆయనకొక నియమం. ఎవరు పెట్టారో తెలియదు, ఆయన మాత్రం పాటించాడు.

అట్లాంటి కాళ్ళకు పట్టింది షుగరు. తొలిరోజుల్లో రాత్రయితే అరికాళ్ళు మంటలు. తడిగుడ్డలు చుట్టుకుని పడుకునేవాడు. కొన్నేళ్ళకు మంట తగ్గింది. తగ్గిందని ఆయన సంతోషపడి నాకు చెప్పాడు, నేనూ సంతోషపడి ఆ పూట ఇద్దరం బయట రెండేసి బజ్జీలు కూడా తిన్నాం. మంట తగ్గలేదు, తెలియడం తగ్గింది అన్న సంగతి మాకు చెప్పేవాళ్ళు అప్పుడు లేరు.

ఒకరోజు పురసవాక్కంలో మనవరాలికి గౌను కొనుక్కుని రైల్లో కోడంబాక్కం వచ్చి దిగాడు. స్టేషను బయట పూలమ్మే ఆవిడ, తాతా ఇంకో చెప్పేదీ అని తమిళంలో అడిగింది. కిందికి చూసుకుంటే ఒక కాలికే ఉంది. రెండోది ఎక్కడ జారిందో, రైల్లోనో గౌను కొన్న చోటో, ఆయన కాలు ఆయనకు చెప్పలేదు. ఇంటికొచ్చి ఇదేదో తమాషా అన్నట్టు చెప్పాడు. వదిన నవ్వలేదు.

"చెప్పు పోతే తెలవలా నీకు. రేపు నేను పోయినా అంతే" అంది.

చర్చిలో అన్న సంఘపెద్ద. ఆదివారం తెలుగు ఆరాధనలో విజ్ఞాపన ప్రార్థన ఆయనది. విజ్ఞాపన అంటే నాలాంటివాళ్ళ కోసం చెబుతున్నాను: ఒక మనిషి తనకోసం కాకుండా, జబ్బుపడినవాళ్ళ కోసం, పని పోయినవాళ్ళ కోసం, పరీక్ష రాసే పిల్లల కోసం, అందరి తరఫునా నిలబడి దేవుణ్ణి అడగడం. ఆయన రెండు చేతులూ పైకెత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని అడిగేవాడట. పైన లైటు పట్టుకున్నప్పుడు కూడా చేతులట్లాగే ఉండేవి. స్టూడియోలు ఒక్కొక్కటే మూతపడి కల్యాణ మండపాలూ ఫ్లాట్లూ అయిపోయాక ఆయనకు మిగిలిన పని అదొక్కటే. పని అని నేనంటున్నాను. ఆయన కూడా అట్లాగే అనేవాడు.

ఒక ఆదివారం ఆ పనిలోనే పడ్డాడు. నేను చూడలేదు, వదిన చెప్పగా విన్నాను, వదిన చాలాసార్లు చెప్పింది. "ప్రభువా, నీ ఎదుట నిలబడి ఉండాము" అంటూ ఉండగానే ఎడమపక్కకు ఒరిగి, మొదలు నరికిన అరటిచెట్టులా నేలకొచ్చాడు. ఆ రోజు వేరే ఊరినుంచి పాటలు పాడే జట్టు వచ్చింది. వాళ్ళ పద్ధతిలో ప్రార్థనలో ఉన్న మనిషి పడిపోతే ఆత్మ దిగినట్టు. డ్రమ్ము వాయించే అతను జోరు పెంచాడు. పాట పెద్దదయ్యింది. మగవాళ్ళ వైపు కూర్చున్నవాళ్ళు ముట్టుకుంటే అపచారమేమోనని చేతులు కట్టుకుని నిలబడ్డారు. అన్న కింద పడి, చెయ్యి ఒంటి కింద ఇరుక్కుని, దేవుడి పేరుతోనే మూలుగుతున్నాడు. అది కూడా ఆత్మ పనే అనుకున్నారు.

ఆడవాళ్ళ వైపునుంచి వదిన ఒక్కతే బెంచీలు తోసుకుంటూ వచ్చిందట.

"ఆత్మ కాదయ్యా, షుగరు. లేపండి."

మణికట్టు విరిగింది. కట్టు విప్పేలోపు చర్చివాళ్ళు మంచిమనసుతోనే ఒక నిర్ణయం చేశారు: ఇకమీదట అన్న కుర్చీలో కూర్చుని ప్రార్థన చేయవచ్చు. చేతులున్న మంచి కుర్చీ ఒకటి ముందు వేశారు, దానికొక దిండు కూడా. అన్న ఆ కుర్చీని చూసి, నేను కూచోని అడగను, నిలబడి అడగగలిగినప్పుడు పిలవండి అని వెనక బెంచీకి పోయాడు. విజ్ఞాపన వేరే పెద్దకు పోయింది. ఆయన మంచివాడే, కానీ ఆయన ప్రార్థన మొదలుపెడితే ఇంట్లో పొయ్యి మీద పెట్టి వచ్చిన కూర అడుగంటుతుందని ఆడవాళ్ళ ఫిర్యాదు.

అదండీ సంగతి. అన్నకు ఈ లోకంలో కావలసింది మళ్ళీ తన కాళ్ళ మీద నిలబడి ఆ ప్రార్థన చేయడం. దానికి అడ్డం ఆ కాళ్ళే.

షుగరు డాక్టరు ఆయన్ని వ్యాయామం నేర్పే చోటికి పొమ్మన్నాడు. నేను తోడుగా పోయాను. అక్కడ ఫిజియో అమ్మాయి గుంటూరు వైపునుంచి వచ్చిన పిల్ల. మొగుడికి ఇక్కడ కంప్యూటర్ల ఉద్యోగం. మా మాట విని, మీరు తెలుగువాళ్ళా అంకుల్ అని మురిసిపోయి, మీ తెలుగు భలే ఉందే అంది.

"మేము మాట్లాడేది తెలుగమ్మా. నువ్వు మాట్లాడేది పేపర్లో వస్తాది" అన్నాడు అన్న.

ఆమె ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాను పోగొకటి తీసింది. దీన్ని మీ పాదానికి అక్కడక్కడా ఆనిస్తాను, తగిలినప్పుడల్లా ఆఁ అనండి అని చెప్పింది. అన్న కళ్ళు మూసుకుని బుద్ధిగా ఎదురుచూశాడు. కాసేపయ్యాక, "ఇంగ మొదలుపెట్టమ్మా" అన్నాడు. ఆమె అప్పటికే రెండు పాదాలూ ముగించి, పోగును డబ్బాలో పెట్టేసింది.

తర్వాత, తోడుగా వచ్చినవాణ్ణి కూడా వదలకుండా నా పాదాలూ చూసింది. మైలాపూరు కోవెల్లో మిట్టమధ్యాహ్నం ప్రదక్షిణ చేసి వచ్చిన బొబ్బ ఒకటి నా అరికాల్లో ఉంది. నాకు తెలియదు. తోడుగా లోపలికి పోయినవాణ్ణి రోగినై బయటికొచ్చాను.

ఆ అమ్మాయి చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. మనిషిని నిలబెట్టేవాళ్ళు ముగ్గురు కావలివాళ్ళు. పాదం కింద నేల ఎట్లా ఉందో చెప్పేవాడొకడు, కంటితో చూసి చెప్పేవాడొకడు, చెవి లోపల ఉండి తల ఎటు వంగిందో చెప్పేవాడొకడు. షుగరు మొదటివాణ్ణి నిద్రపుచ్చింది. వాడి పని కూడా కళ్ళే చేస్తున్నాయి. మీరు కళ్ళు మూసుకుంటే ఆ రెండోవాణ్ణి కూడా మీరే పంపేసినట్టు. అందుకే ప్రార్థనలో పడ్డారు. మొహానికి సబ్బు పెట్టుకున్నప్పుడు కూడా తూలి ఉంటారు. అన్న తలూపాడు. సబ్బు సంగతి ఆయన వదినకు కూడా చెప్పలేదు. ఆయన దాన్ని తన భాషలోకి మార్చుకున్నాడు: సెట్టులో మూడు లైట్లుంటే ఒకటి మాడిపోయింది, రెండోది నేనే ఆర్పుకున్నా.

వ్యాయామం మొదలైంది. నేను పెద్ద కసరత్తు ఊహించుకున్నాను. తీరా చూస్తే, నిలబడటం. వంటగట్టు ముందు దాని అంచు పట్టుకుని రెండు పాదాలూ దగ్గర పెట్టి నిలబడటం. అది కుదిరాక ఒక పాదం ముందు ఇంకో పాదం, మడమకు వేళ్ళు తగిలేట్టు పెట్టి నిలబడటం. మడమలెత్తి దించడం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి, దబ్బుమని పడకుండా మెల్లగా కూర్చోవడం. గట్టు వెంట పీతలాగా పక్కకు నడవడం. చాలా రోజుల తర్వాత, ఒంటికాలు. ఇంతే. ఒక్క ఏడాది పిల్ల ఎవరూ చెప్పకుండా నేర్చుకునేదాన్ని మేము ఫీజు కట్టి నేర్చుకున్నాం.

అయితే దానికి కట్టుబాట్లున్నాయి. ముందు అద్దం కింద పెట్టి అరికాళ్ళు చూసుకోవాలి. పుండో గాటో ఉంటే ఆ రోజు మానేసి డాక్టరుకు చూపించాలి. ఇంట్లో కూడా బూట్లు. ఖాళీ కడుపుతో కాదు. జేబులో చాక్లెట్టో గ్లూకోజు బిళ్ళో ఉండాలి, షుగరు దిగిపోతే నోట్లో వేసుకోవడానికి. ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. ఇది చదివి ఎవరూ హాలు మధ్యలో ఒంటికాలి మీద నిలబడవద్దని నా మనవి. మేము గట్టు వదల్లేదు.

ఇంట్లో ఉండే ఆ ఇంకో మనిషి వదిన. గట్టు ఆమెది, పొయ్యి ఆమెది, సాంబారు ఆమెది. ఆయన బూట్లేసుకుని వంటింట్లోకి రావడం ఆమెకు కొత్తలో పెద్ద యుద్ధం. బూట్లతో వంటింట్లోనా, మీ అమ్మ బతికుంటే ఏమనేది అని గొణిగేది. ఒకరోజు నేను గోడకివతల వింటుండగా, "ఈడ తాళింపు మాడతా ఉంటే ఆడ కొంగ మాదిరి నిలబడి ఉండావు. జరుగు" అంటోంది. జరగడం కూడా వ్యాయామమేనని ఆయన జవాబు. పక్కకు, పీతలాగా జరిగి ఉంటాడు.

ఆ రోజుల్లో ఆయన పదేపదే చెప్పిన మాట ఒకటుంది. పట్టుకోవడం తగ్గించి, గట్టుకు వేలికొన మాత్రం తగిలించి నిలబడమని ఫిజియో అమ్మాయి నేర్పింది. వేలు బరువు మోయదు, ఒళ్ళు ఎటు తూగుతోందో చెబుతుంది. అన్న నాకు నేర్పేటప్పుడు, "వేలు ఆనించు, ఒళ్ళు ఆనించొద్దు" అనేవాడు. నేను గట్టు మీదికి వాలిపోతుంటే మోచేతి మీద తట్టేవాడు. తర్వాత ఈ మాటను ఆయన వేరే చోట్ల కూడా వాడటం విన్నాను. పెళ్ళి చేసుకున్న మేనల్లుడు అత్తారింట్లో చేరబోతుంటే కూడా ఇదే చెప్పాడు.

నెలలు గడిచాయి. ఆయన గట్టిపడ్డాడు. బస్సు మెట్టెక్కేవాడు. కుర్చీలోంచి చేతులు లేకుండా లేచేవాడు. తూగినా తనే సర్దుకునేవాడు. "తూగితే తప్పులేదబ్బా. తూగేది తెలవకపోతేనే తప్పు" అనేవాడు. అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప. ఫిజియో అమ్మాయి ఆయన్ని గది మూలలో రెండు గోడల మధ్య నిలబెట్టి, ముందు కుర్చీ వేసి, తను పక్కనే చేతులు చాపి, ఇప్పుడు కళ్ళు మూసుకోండి అనేది. మూసుకోగానే ఎడమకు ఒరిగేవాడు. ప్రతి తడవా. గోడే ఆయన్ని పట్టుకునేది. ఆయన ముందుగా అడిగేది దీన్ని గురించే, ఆమె చివర చెప్పేదీ దీన్ని గురించే.

ఒకరోజు ఆమె నాన్చకుండా చెప్పేసింది. పోయిన నరాలు తిరిగి వస్తాయని నేను మాట ఇవ్వలేను అంకుల్. ఉన్నవాటితో మిమ్మల్ని నిలబెట్టగలను. కళ్ళు మూసుకుని, ఆధారం లేకుండా, చేతులెత్తి నిలబడటం మాత్రం మీరు మర్చిపోవడం మంచిది.

అన్న బూట్ల తాళ్ళు కట్టుకుని ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత గట్టు దగ్గరికి పోవడం మానేశాడు. బూట్లు మంచం కిందికి పోయాయి. వంటింట్లో కావలసినంత చోటు దొరికినందుకు వదిన మొహంలో ఏ సంతోషమూ లేదు. ఒకరోజు గోడకవతలనుంచి నన్ను పిలిచి, ఈయన్ని మళ్ళీ ఆ పిల్ల దగ్గరికి తీసకపో అంది. ఎందుకొదినా అంటే, సుమ్మా, తిట్టేదానికైనా తీసకపో అంది. సుమ్మా అంటే ఊరికే అని. మా ఊళ్ళో ముఖ్యమైన పనులన్నీ సుమ్మానే మొదలవుతాయి.

పోయాం. తిట్టడం జరగలేదు. ఆ అమ్మాయి చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"కళ్ళు తెరిచి ప్రార్థన చేస్తే దేవుడు వినడా అంకుల్?"

"దేవుడు వింటాడమ్మా. కమిటీ వినదు."

అన్నాడు గానీ, ఆ మాట అన్నాక తనే నవ్వాడు. నెల తర్వాత అదే మొదటి నవ్వు. ఇంటికొచ్చి మంచం కిందినుంచి బూట్లు తీశాడు.

చర్చి కమిటీని అడిగితే, మొదట నిజంగానే వినలేదు. చర్చి వరండాలో కూర్చున్నారు. అయ్యగారు, అంటే పాస్టరుగారు, మెత్తటి మనిషి. పెద్దల్లో ఒకాయనకు మాత్రం కళ్ళు తెరిచి ప్రార్థన చేయడమంటే భయభక్తులు లేనట్టు. ఇంకొకాయనకు బూట్ల మీద అభ్యంతరం. చెప్పులు బయట విడిచి రావడం తాతల నాటి మర్యాద. నేను హిందువును గనక నన్ను గోడ పక్కన కూర్చోమన్నారు, చెవులు మూసుకోమనలేదు. అన్న లేచి నిలబడే మాట్లాడాడు.

"నా కాళ్ళకి నేల తెలవదయ్యా. కండ్లు చూస్తేనే నిలబడతా. మూసుకోని పడమంటారా, తెరుచుకోని నిలబడమంటారా?"

బూట్ల సంగతి అయ్యగారే తేల్చారు: కొత్త జత ఒకటి కొని చర్చి లోపలే ఉంచుకో, వీధి దుమ్ము తొక్కనివి చెప్పులెట్లా అవుతాయి అన్నారు. కళ్ళ దగ్గర మాత్రం బండి ఆగింది. మొదటి పెద్ద, మందిరంలో నలుగురూ చూస్తే ఏమనుకుంటారు అని మళ్ళీ మొదలుపెట్టాడు. టీ గ్లాసులు అందిస్తున్న వదిన అక్కడే ఆగింది.

"ప్రార్థనలో అందురూ కండ్లు మూసుకోనే కదన్నా ఉంటారు? ఈయన తెరిచినాడని చూసేది ఎవురు?"

అయ్యగారు నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకున్నారు. చూశానని చెప్పాలంటే ముందు ఆ పెద్దాయన తన కళ్ళు తెరవాలి. అక్కడితో తీర్మానమైపోయింది.

మళ్ళీ ప్రార్థన చేసిన మొదటి ఆదివారం నేనూ పోయాను. కుంకుమబొట్టు తుడుచుకోవాలా అని వదినను అడిగితే, నీ మొహానికి అదొక్కటే కళ, ఉండనీ అంది. అన్న కొత్త బూట్లతో ముందుకొచ్చాడు. ముందు బెంచీ వీపుకు కుడిచేతి వేలికొన తాకించాడు. ఎడమచెయ్యి ఒక్కటే పైకెత్తాడు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, ఆయన పడితే పట్టుకోవాలని. ఒకసారి ఎడమకు తూగాడు. నేను సగం లేచాను. వేలు తెలిపింది, చీలమండ సర్దింది, నిలబడ్డాడు. ఆ రోజు ప్రార్థన పొట్టిగా ఉంది. చివర్లో గొంతు ఎందుకో తడబడింది. పడతానేమోనన్న భయం అనుకున్నాను. బయటికొచ్చాక అడిగితే, అది కాదబ్బా అన్నాడు.

"ఇన్నేండ్లూ కండ్లు మూసుకోని ఈళ్ళ కోసరం అడిగినా. ఈళ్ళ మొహాలు ఎట్టుంటాయో ఇయ్యాళే చూసినా."

తలలు వంచిన ఆ మొహాలను ఆయన ఎప్పుడూ చూడలేదు మరి. వెనక వరసలో ఒకామె చప్పుడు లేకుండా ఏడుస్తోందట. ఒకాయన పెదవులు మాత్రం ఆడిస్తూ వేళ్ళ మీద ఏవో లెక్కలు వేసుకుంటున్నాడట. ఒక పిల్ల తమ్ముడి ముక్కు గిల్లుతోందట. ఆ తర్వాతి వారాల్లో ఆయన ప్రార్థన మారింది. ఊరికే రోగులూ పేదలూ అనకుండా, పేరు చెప్పకుండానే, ఈ వారం నిద్రలేని తల్లి కోసం, అప్పుడే కోపంతో ఇంటినుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం కోసం అని అడగడం మొదలుపెట్టాడు. దాంతో కొత్త గోల పుట్టింది. అన్నకు దర్శనాలు వస్తున్నాయని చర్చి అంతా పాకింది. పడినప్పుడు ఆత్మ అన్నవాళ్ళే ఇప్పుడు దర్శనం అన్నారు. కొందరు ఇంటికొచ్చి కొడుక్కి ఉద్యోగం ఎప్పుడొస్తుందని అడిగారు. అన్నకు తల కొట్టేసినట్టయింది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక అక్కడే నిలబడి, నాకు దర్శనాలేమీ లా, వ్యాయామం నేర్పే పిల్ల కండ్లు మూసుకోవద్దనింది, మీరు ఏడస్తా ఉంటే కనపడతా ఉండాది, అంతే అని చెప్పేశాడు. ఆ తర్వాత కొన్ని వారాలు చర్చిలో అందరూ చాలా జాగ్రత్తగా ప్రార్థన చేశారట.

ఆ ప్రకటన వల్ల ఒక మంచి జరిగింది. షుగరు కాళ్ళవాళ్ళు ఒక్కొక్కరే బయటపడ్డారు. అన్నా నాకూ మొహం కడుక్కుంటే తూలతా ఉండాది అని ఒకరు, మెట్టు దిగాలంటే భయమని ఇంకొకరు. ఆరాధన అయ్యాక చర్చి బెంచీల వీపులు పట్టుకుని వ్యాయామం మొదలైంది. పురసవాక్కంలో బట్టల కొట్టులో పొద్దస్తమానం నిలబడే ఆయనొకడు, హాస్టల్లో వంట చేసే ఆవిడొకరు, కుర్చీ వేసిన రోజున దిండు తెచ్చిన పెద్దావిడ, బూట్లకు అభ్యంతరం చెప్పిన ఆయన కూడా, తన బూట్లు తను తెచ్చుకుని. నేను మధ్యలో ఒకరిద్దరు హిందువులను పట్టుకొచ్చాను. ఫిజియో అమ్మాయి ఒక ఆదివారం వచ్చి చూసి, ఎవరికి ఏది తగదో విడివిడిగా చెప్పి, మీలో కొందరు ముందు డాక్టరుకు చూపించుకుని రావాలని పంపేసింది. అన్న నేర్పేది తక్కువ. వరసల మధ్య నడుస్తూ మోచేతుల మీద తట్టేవాడు. వేలు ఆనించు, ఒళ్ళు ఆనించొద్దు. అక్కడ పడినవాళ్ళు లేరని చెప్పను. ఒకరిద్దరు కూలబడ్డారు, బెంచీ వెనకే ఉంది గనక కూర్చున్నారు.

చివరి ఆదివారం కూడా విజ్ఞాపన ఆయనే చేశాడు, నిలబడే. తర్వాత రెండు రోజులకు పోయాడు.

ఆయన మీద నాకున్న గౌరవాన్ని పెద్ద మాటల్లో చెప్పడం నాకు వచ్చు. నా వృత్తే అది. ఆయనకు నచ్చదు. నా కాళ్ళకు ఇప్పటికీ నేల తెలియదు. కానీ నా మెట్లు నేను దిగుతున్నాను, నా పాల ప్యాకెట్టు నేను తెచ్చుకుంటున్నాను. ఇది ఆయన చలవ. ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

చర్చిలో శవపెట్టె ముందుంచి అయ్యగారు చిన్నగా మాట్లాడారు. పాట అయ్యింది. అందరం లేచి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దాం అన్నారు. లేచారు. మందిరమంతా తలలు వంగాయి. నేను అలవాటుగా ముందు బెంచీకి వేలు తాకించి, కళ్ళు తెరుచుకునే ఉన్నాను. తెరిచినవి నా ఒక్కడివే అనుకున్నాను. రెండు వరసల అవతల బట్టల కొట్టాయన, తెరిచిన కళ్ళతో నాకేసి చూస్తున్నాడు. ఆయనకు కాస్త పక్కన హాస్టల్ వంటావిడ. కిటికీ దగ్గర దిండు తెచ్చిన పెద్దావిడ. ఆ మూల, తల వంచకుండా, బూట్ల పెద్దాయన. వంగిన అన్ని తలల మధ్యా అక్కడొకరు ఇక్కడొకరు, వేలికొన బెంచీకి ఆనించి, ఎవరి ఒళ్ళు వాళ్ళు మోసుకుంటూ నిలబడి ఉన్నాం. ఎవరి కళ్ళూ పొడిగా లేవు, ఎవరమూ తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు. ఆమెన్ వినపడేదాకా అట్లా ఒకరినొకరు చూసుకుంటూనే ఉన్నాం.